తుపాను ఎక్కడ తీరం దాటుతుందో సరే, మా దీవిలో గాలి ఎటు తిరుగుతుందో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ ఆదివారం అనుబంధంలో లంక గ్రామాల పెద్దవాళ్లు చీమల్ని, తూనీగల్ని, మబ్బుల్ని చూసి వానలూ తుపాన్లూ ముందే చెప్పేస్తారంటూ ఒక వ్యాసం వేశారు. చదవడానికి బాగుంది, ఫొటోలు ఇంకా బాగున్నాయి. కానీ చివరికొచ్చేసరికి ఉపగ్రహాలకు అందనిది మన తాతలకు అందింది అన్న ధోరణిలో ముగించారు చూడండి, అక్కడ ఒళ్లు మండింది. మాది దివిసీమ, నాగాయలంక వైపు. మా ఇళ్లల్లో వేట ఉంది, రొయ్యల చెరువులున్నాయి, ఎదురుమొండి దీవిలో చుట్టాలున్నారు. తాతల మీద నాకు మీకంటే గౌరవం ఎక్కువే గానీ తక్కువ కాదు. అందుకే వాళ్లు నిజంగా దేన్ని చూసేవాళ్లో, అందులో ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో కాస్త విడమరిచి రాద్దామని కూర్చున్నాను.

ముందు పనికిరానివి. చీమలు గుడ్లు నోట కరుచుకుని గోడెక్కితే వాన వస్తుందంటారు. గాలిలో తేమ పెరిగిందనో, నేలలో చెమ్మ మారిందనో అవి కదులుతాయి, గంటలోనో పూటలోనో ఒక జల్లు పడితే పడుతుంది. తూనీగలు గుంపులుగా కిందికి దిగి తిరగడం, పిచ్చుకలు దుమ్ములో పొర్లడం, కప్పలు గొంతు చించుకోవడం, అన్నీ ఆ కోవలోవే. ధాన్యం ఆరబోసుకున్నవాడికి, ఎండుచేపలు పరుచుకున్న ఆడవాళ్లకు అవి చాలా అవసరం, పరదా కప్పుకోవాలా వద్దా అన్నంతవరకు. అంతేగానీ అయిదు వందల కిలోమీటర్ల అవతల వాయుగుండం ఉందన్న సంగతి చీమకు ఎలా తెలుస్తుందండీ? అలాగే కార్తెల సామెతలు. 'ఉత్తర చూసి ఎత్తర గంప' అన్నది వాన కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసి, ఉత్తర కార్తె దాకా పడకపోతే ఇక ఊరొదిలి బతకపోదాం అనుకున్న మెట్టరైతు మాట. దాన్ని తెచ్చి మొగలో, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, పడవ నడిపేవాడి చేతిలో పెడితే వాడేం చేసుకుంటాడు?

వరదగుడి సంగతి వేరు. చంద్రుడి చుట్టూ వలయం కడితే 'దగ్గర గుడి దూరం వాన, దూరం గుడి దగ్గర వాన' అంటారు మావాళ్లు. ఇందులో నిజంగానే విషయం ఉంది. చంద్రుణ్ణి అంటుకుని రంగు రంగుగా మసకమసకగా కనిపించే చిన్నగుడి నీటిబొట్లున్న మామూలు మబ్బు వల్ల వస్తుంది, అది ఎప్పుడూ ఉండేదే. పెద్దగుడి అలాంటిది కాదు. చెయ్యి చాచి వేళ్లు పూర్తిగా విప్పి బొటనవేలి కొన చంద్రుడి మీద పెడితే చిటికెనవేలి కొన ఎక్కడుంటుందో ఇంచుమించు అక్కడ కడుతుంది ఆ వలయం, ఏ రోజు చూసినా అంతే కొలత. చాలా ఎత్తున పలచగా పరుచుకున్న మంచు పలుకుల మబ్బులోంచి వెన్నెల వంగి రావడం వల్ల అలా జరుగుతుంది. తుపాను నెత్తిమీద నుంచి బయటికి చిమ్మిన మబ్బు కూడా సరిగ్గా ఇలాంటిదే, అసలు తుపాను కంటే వందల కిలోమీటర్లు ముందుగా మన మీదికి వచ్చేస్తుంది. కాబట్టి అక్టోబరు, నవంబరు నెలల్లో పెద్దగుడి కడితే ముసలాళ్లు మొహం చిట్లించడంలో తప్పులేదు. కాకపోతే తుపాను లేకపోయినా ఆ మబ్బు వస్తుంది, గుడి కడుతుంది, పోతుంది. గుడి కట్టిన ప్రతిసారీ ఊరు ఖాళీ చేస్తే మేం ఏడాదిలో సగం రోజులు నాగాయలంక బడిలోనే పడుకోవాలి. ఒక్క గుర్తును పట్టుకుని ఊగిపోకుండా రెండోది, మూడోది కలుస్తున్నాయా అని చూసుకునేవాళ్లు పాతవాళ్లు, మీ వ్యాసంలో ఆ ముక్క రాలేదు.

ఆ రెండోది కెరటం. మా పెద్దమామయ్య వేటకు వెళ్లేముందు ఒడ్డున గొంతుక్కూర్చుని చుట్ట ముట్టించకుండా నోట్లో పెట్టుకుని కెరటానికీ కెరటానికీ మధ్య తనకు ఎన్ని ఊపిర్లు పడుతున్నాయో లెక్కపెట్టేవాడు. మామూలు రోజుల్లో ఒకటిన్నర, మహా అయితే రెండు. గాలి ఆకు కదిలించనంత చల్లగా ఉండి, ఆకాశం అద్దంలా ఉండి, కెరటం మాత్రం నున్నగా పొడుగ్గా బరువుగా వచ్చి మూడు నాలుగు ఊపిర్లకోసారి విరుగుతుంటే చుట్ట తీసి చెవిలో పెట్టుకుని లేచేవాడు. "ఇది ఇక్కడి కెరటం కాదురా, ఎక్కడో పుట్టి వస్తంది" అనేవాడు. ఆ రోజు పడవ మొగ దాటేది కాదు, పాయలోకి లాగి మడచెట్లకు రెండు మోకులు అదనంగా కట్టించేవాడు. మామయ్యకు ఉపగ్రహం లేదు, బడి చదువు కూడా లేదు. కానీ ఆయన చేసింది శాస్త్రమే. మన దగ్గర గాలి లేపే అల అయిదారు సెకన్లకోసారి వస్తుంది. తుపాను లేపిన పెద్ద అల పది, పదిహేను సెకన్ల వ్యవధితో వస్తుంది, తుపాను నడకకంటే చాలా వేగంగా ప్రయాణిస్తుంది, కాబట్టి ఒక రోజో ఇంకా ఎక్కువో ముందే ఒడ్డుకు చేరుతుంది. హైదరాబాదు ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రంవాళ్లు కంప్యూటర్లు పెట్టుకుని లెక్క కట్టేది కూడా ఈ కెరటం ఎత్తు, వ్యవధి, అది వచ్చే దిక్కు. (సముద్రం లేని హైదరాబాదులో సముద్రం ఆఫీసేమిటని మావాళ్లు నవ్వుతారు గానీ, వాళ్లిచ్చే సూచనలు మా బోట్లవాళ్లకు బాగానే పనికొస్తున్నాయి.) తిరకాసు ఎక్కడంటే ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో పెద్దగాలి వీచినా అలాంటి కెరటమే ఇక్కడికొస్తుంది. తుపాను లేకుండానే ఒడ్డు కోసుకుపోతుంది. మామయ్యకు ఆ రెంటికీ తేడా తెలిసే వీలు లేదు, ఇన్‌కాయిస్‌కు ఉంది. ఇంజను బోట్లొచ్చాక మా కుర్రాళ్లకు ఆ ఊపిరి లెక్క కూడా పోయింది, డీజిలు ఇంజను మోతలో, అదురులో కెరటం పొడుగు ఎవడికి తెలుస్తుంది?

ఇక అసలు విషయం గాలి. మిగతా అన్ని గుర్తులూ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు, పైగా మీ వ్యాసంలో దీని గురించి ఒక్క వాక్యం లేదు.

మన వైపు తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది. గాలికి వీపు పెట్టి నిలబడితే తుపాను కేంద్రం మన ఎడమచేతి వైపు, కాస్త ముందుకు ఉన్నట్టు లెక్క. ఇది నావికులందరికీ తెలిసిన పాత లెక్క. దీన్ని ఎదురుమొండి దీవికి అన్వయించి చూడండి. తుపాను ఆగ్నేయంలో ఉన్నప్పుడు మాకు ఈశాన్యం గాలి వీస్తుంది. ఆ తర్వాత గాలి తూర్పుకు తిరిగి, తూర్పు నుంచి ఆగ్నేయానికి తిరిగిందంటే కేంద్రం మాకు దక్షిణంగా, అంటే బాపట్ల, చీరాల వైపు పోతున్నట్టు, సముద్రాన్ని ఎత్తి మా మీద పోసే గాలి అదే. అలాకాకుండా ఈశాన్యం నుంచి ఉత్తరానికీ వాయవ్యానికీ తిరిగిందంటే కేంద్రం మాకు ఎగువన బందరు (మచిలీపట్నం), కాకినాడ వైపు దాటుతున్నట్టు. అప్పుడు గాలి నేల మీద నుంచి సముద్రంలోకి తోస్తుంది, కప్పులు లేస్తాయి, చెట్లు పడతాయి, కానీ ఉప్పెన భయం తక్కువ. దిక్కు ఏమాత్రం మారకుండా గాలి అంతకంతకూ పెరుగుతోందంటే కేంద్రం సూటిగా నెత్తిమీదికే వస్తోంది. అప్పుడు మధ్యలో ఒక్కసారిగా గాలి ఆగి, తెరిపిచ్చి, చుక్కలు కూడా కనిపించొచ్చు. అది చూసి గేదెను వెతుక్కోవడానికి బయటికి వెళితే ప్రాణాలకే ముప్పు, ఎందుకంటే కాసేపట్లో గాలి ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా అందుకుంటుంది.

1977 నవంబరు 19, శనివారం. పుస్తకాల్లో తుపాను చీరాల దగ్గర తీరం దాటిందని ఉంటుంది. మరి ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయింది ఎక్కడ? దివిసీమలో. చీరాలకూ మాకూ మధ్య అరవై కిలోమీటర్ల పైనే దూరం. పాలకాయతిప్ప, సొర్లగొంది ఊళ్ల పేర్లు చెబితే ఇప్పటికీ మా వైపు పెద్దవాళ్లు మాట మార్చేస్తారు. అధికారిక లెక్కే పదివేల మంది దాకా ఉంది. కేంద్రానికి కుడివైపున పడ్డాం మేం, గాలి తూర్పు ఆగ్నేయాల మీదుగా వీచింది, అయిదు మీటర్ల ఎత్తున నీళ్లొచ్చి పడ్డాయి. ఇంకో సంగతి చెబుతాను, దీన్ని ఎక్కడా రాయగా నేను చూడలేదు. ఆ రోజు కార్తీక పున్నమికి ఇంకా ఆరు రోజులుంది. అష్టమి వెళ్లి ఒకటి రెండు రోజులు, అంటే పోటు బలం లేని రోజులు. సముద్రం పున్నమికీ అమావాస్యకూ పైకొస్తుంది గానీ ఈ రోజుల్లో ఏం వస్తుందిలే అని తిథి లెక్కలు తెలిసినవాళ్లు అనుకుని ఉంటే ఆశ్చర్యం లేదు. ఉప్పెన ముందు తిథి లెక్క నిలవదు. అదే పున్నమి రోజునే వచ్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయమేస్తుంది. అంతకు నూట పదమూడేళ్ల ముందు, 1864 నవంబరు 1న బందరును ఉప్పెన ముంచినప్పుడు ముప్ఫైవేల మంది పోయారు. అప్పుడూ మనుషులకు చీమలు, తూనీగలు, వరదగుడి అన్నీ తెలుసు కదా.

మరి గుర్తులన్నీ వదిలేసి ఫోను చూసుకుంటే సరిపోతుందా అంటే అదీ కాదు. దీనికి మన తీరం కాకుండా ఇంకో తీరం కథ చెప్పాలి, మీ పాఠకుల్లో చాలామందికి తెలిసి ఉండదు. క్యూబా ద్వీపంలో హవానాలో బెనితో విన్యెస్ అని స్పెయిన్ నుంచి వచ్చిన ఒక క్రైస్తవ ఫాదరీ ఉండేవాడు. 1870లో అక్కడి బెలెన్ కళాశాల అబ్జర్వేటరీకి వచ్చాడు. ఉపగ్రహం లేదు, రాడార్ లేదు. రోజూ ఎత్తయిన దూదిమబ్బు చారలు ఆకాశంలో ఏ మూల నుంచి విప్పుకుని వస్తున్నాయో, కెరటం ఎటునుంచి వస్తోందో, గాలి ఎటు తిరుగుతోందో, గాలి పీడనం కొలిచే బారోమీటరు ఎంత చూపిస్తోందో రాసుకునేవాడు. మబ్బుచారలన్నీ వెనక్కి పొడిగిస్తే ఎక్కడ కలుస్తాయో అటువైపే తుపాను ఉందని పోల్చుకునేవాడు. తానొక్కడే చూస్తే చాలదని చుట్టుపక్కల దీవుల్లో మనుషుల్ని పెట్టి తంతి ద్వారా కబుర్లు తెప్పించుకునేవాడు. 1875 సెప్టెంబరు 11న ఆయన ఇచ్చిన హెచ్చరిక హవానా పత్రికల్లో అచ్చయింది, తుపాను మీద అలా ముందుగా అచ్చయిన హెచ్చరికల్లో మొట్టమొదటిది అదే అంటారు. (పత్రికలవాళ్లు ఆ మాట గుర్తుపెట్టుకోవాలి.)

విన్యెస్ 1893లో పోయాడు. ఆయన శిష్యులు ఆ పని కొనసాగించారు. 1898 తర్వాత క్యూబా అమెరికా చేతిలోకి వచ్చింది. వీళ్ల మబ్బుల జోస్యం మనకెందుకన్నట్టు అమెరికా వాతావరణ శాఖ క్యూబా నుంచి తుపాను తంతి కబుర్లు వెళ్లకుండా ఆపించింది. 1900 సెప్టెంబరులో క్యూబా మీదుగా ఒక తుపాను పోయింది. అది పడమరగా మెక్సికో గల్ఫ్‌లోకి పోతోంది, టెక్సాస్ వైపు అని హవానావాళ్లన్నారు. కాదు, ఫ్లోరిడా మీదుగా ఉత్తరానికి తిరుగుతుందని వాషింగ్టన్‌లో కూర్చున్నవాళ్లన్నారు. సెప్టెంబరు 8న, అదీ శనివారమే, టెక్సాస్ తీరంలో గాల్వెస్టన్ ద్వీపనగరం మునిగింది. ఆ ద్వీపంలో ఎత్తయిన చోటు కూడా సముద్రానికి మూడు మీటర్లు లేదు. ఎనిమిది వేల మంది దాకా పోయారు. ఆ పొద్దున్నే అక్కడి వాతావరణ అధికారి ఐజాక్ క్లైన్ ఒడ్డుకెళ్లి, గాలి ఉత్తరం నుంచి, అంటే నేల మీద నుంచి సముద్రంలోకి తోస్తున్నా పెద్ద పెద్ద కెరటాలు ఆ గాలికి ఎదురొచ్చి నీటిమట్టం పెరుగుతూ ఉండటం గమనించాడు. సరిగ్గా మా మామయ్య చుట్ట తీసే కెరటమే అది. కానీ అప్పటికే సాయంత్రానికి పట్టుమని పది గంటలు కూడా లేవు.

ఇక్కడ ఓడిపోయింది పరికరమూ కాదు, గుర్తూ కాదు, దీవిలో చూసినవాడి మాట ఆఫీసులో కూర్చున్నవాడికి చేరకుండా మధ్యలో ఎవరో తీగ కోసేశారు. మన దగ్గర తీగ ఎవరూ కోయలేదు గానీ, అసలు వేసిందెవరు? హెచ్చరిక పైనుంచి కిందికి బ్రహ్మాండంగా వస్తోంది ఇప్పుడు. ఫోన్లన్నీ ఒకేసారి కుయ్యిమని మోగుతాయి, మైకు వేసుకుని ఆటో తిరుగుతుంది, సచివాలయం పిల్లలు ఇంటింటికీ వస్తారు, అందరికీ దండం పెట్టాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర దాటినప్పుడు ముందునుంచీ కబురు ఉంది, 1977తో పోల్చడానికే లేదు. కానీ కింది నుంచి పైకి వెళ్లే కబురేదీ? ఈ పూట దీవిలో గాలి ఏ దిక్కు, నీళ్లు పోటుకు మించి కరకట్ట దగ్గర ఎంత ఎక్కాయి, కెరటం ఎంత వ్యవధితో వస్తోంది అని ఎవరూ అడగరు, అడిగినా రాసుకోరు.

ఇది ఎందుకు అవసరమంటే, ఎంత గొప్ప అంచనా అయినా ఇరవై నాలుగు గంటల ముందు కేంద్రం చోటు చెప్పడంలో అరవై డెబ్బై కిలోమీటర్ల అటూ ఇటూ ఉంటుంది. దేశం పటం మీద అది ఒక చుక్క. మాకు మాత్రం బాపట్లకూ బందరుకూ ఉన్న దూరం ఇంచుమించు అంతే, మా దీవి సరిగ్గా ఆ రెంటి మధ్యలో ఉంది. బాపట్లలో దాటితే నీళ్లు మా మీదికి, బందరులో దాటితే మా నుంచి అవతలికి. టీవీలో 'బాపట్ల, మచిలీపట్నం మధ్య తీరం దాటే అవకాశం' అని చదివి యాంకరు తర్వాతి వార్తకు వెళ్లిపోతుంది, మాకు టెన్షన్ అక్కడే మొదలవుతుంది. ఆ ఆఖరి పన్నెండు గంటల్లో కేంద్రం ఎడమకు జరిగిందా కుడికి జరిగిందా అన్నది దీవిలో నిలబడ్డవాడికి గాలి తిరిగే తీరును బట్టి తెలిసిపోతుంది, చేతిలో ఒక కండువా ఉంటే చాలు. ఇది చదివి గాలి వాయవ్యానికి తిరిగింది కదా అని ఎవరూ ఇంట్లో ఉండిపోకండి దయచేసి, ఖాళీ చేయమన్నప్పుడు చేయాల్సిందే. బోట్లు ఏ వైపు కట్టాలి, షెల్టరులో ఏ వైపు తలుపు మూయాలి, పక్క దీవికి ఏం కబురు పంపాలి అన్నవాటికి పనికొస్తుందని చెబుతున్నాను.

పసిఫిక్‌లో వనువాటు అని చిన్న చిన్న దీవుల దేశం ఒకటుంది. అక్కడి వాతావరణ శాఖవాళ్లు ఊరి పెద్దల దగ్గర గుర్తులన్నీ సేకరించి, రాసి, తమ రికార్డులతో సరిచూసుకునే పని పెట్టుకున్నారు, ఆస్ట్రేలియావాళ్లు సాయం చేశారు. పెద్ద రెక్కల సముద్రపక్షులు నేల మీదికి లోపలికంటా ఎగిరొస్తే తుపాను అంటారట ఆ దీవుల్లో. నిజమా కాదా అని వాళ్లు వాదించుకోలేదు, రాసుకుని చూస్తున్నారు. మనం మాత్రం అయితే పూజిస్తాం, లేకపోతే వెక్కిరిస్తాం.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. వాతావరణ శాఖ, విపత్తుల నిర్వహణ సంస్థ ఇచ్చే బులెటిన్లో లంక గ్రామాల కోసం ఒక్క వాక్యం కలపండి, "ఎదురుమొండిలో ఇప్పుడు ఈశాన్యం గాలి, రాత్రి పదికి తూర్పుకు తిరగాలి, అలా కాకుండా ఉత్తరానికి తిరిగితే కబురు చేయండి" అని. ఆ కబురు అందుకునే నంబరు ఒకటి పెట్టండి, దాన్ని ఎత్తే మనిషిని పెట్టండి. ప్రతి దీవి బడిలో ఒక బారోమీటరు పెడితే పిల్లలకు పాఠమూ అవుతుంది. మన వైపు గాలి పీడనం రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది, ఉదయం పదికి ఎక్కువ, సాయంత్రం నాలుగుకు తక్కువ. ఆ లయ తప్పి పడిపోతూనే ఉంటే ఏదో వస్తోందని అయిదో తరగతి పిల్లాడు కూడా చెప్పగలడు. ఇక మీ పత్రిక సంగతి. తుపాను వచ్చినప్పుడల్లా మొదటి పేజీలో 'ముంచుకొస్తున్న ముప్పు' అని అరచేయంత అక్షరాలు వేస్తున్నారు, అందులో నాలుగు అంగుళాలు తగ్గించి పోటు వేళలు, గాలి తిరిగే దిక్కులు వేయండి. కత్తిరించి గోడకు అంటించుకునేవాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు.

ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బల్లో పొద్దున్నా సాయంత్రం గాలి దిక్కు, నీటిమట్టం, కెరటం వ్యవధి రాసిపెట్టే మనుషులు కావాలంటే నేను మాట్లాడి కుదురుస్తాను. మత్స్యకార సంఘం కుర్రాళ్లు ఇద్దరు ఇప్పటికే సరే అన్నారు. రాసిన పుస్తకం ఎవరికి పంపాలో మాత్రం ఎవరైనా అధికారి ఈ పేజీలోనే జవాబు రాస్తే చాలు, ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోపు.

— దివిసీమ పాఠకుడు, నాగాయలంక మండలం